"చూద్దాంలే" అంటే సరేనా, వద్దనా? న్యూరోడైవర్జెంట్, క్వీర్ మనుషులకు రిలేషన్‌షిప్ కోచ్ అవుదామనుకునేవాళ్ళకి

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఒకదాని మీద దృష్టి నిలవకపోవడం) లాంటివి ఉండి మెదడు పనిచేసే తీరు వేరుగా ఉన్నవాళ్ళు న్యూరోడైవర్జెంట్, గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటివాళ్ళు క్వీర్. వీళ్ళకి ప్రేమ, సెక్స్ విషయాల్లో కోచింగ్ చేస్తాను నేను. నెలకి ఇద్దరు ముగ్గురైనా మెసేజ్ పెడుతుంటారు, "అక్కా, నేను కూడా మీలా కోచింగ్ చేద్దామనుకుంటున్నా, ఏ కోర్సు చేయాలి?" అని. కోర్సు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఒక పని చేయండి. తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, సెక్స్ గురించి ఐదు నిమిషాలు తెలుగులో మాట్లాడండి. ఇంగ్లీషు మాట రాకూడదు, బూతు రాకూడదు, నవ్వు రాకూడదు.

నేను ఒక్క నిమిషం కూడా లాగలేకపోయాను. మన దగ్గర ఉన్న మాటలు రెండే రకాలు, ఒకటి ఆస్పత్రి సంస్కృతం, రెండోది వీధి బూతు. మధ్యలో అందరూ వాడేది "అది", "అక్కడ", "ఆ పని", "కలవడం". మా అమ్మ తరానికి వారపత్రికలో డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబులే దిక్కు, ఆ పేజీ మడిచి దాచుకుని చదివేవాళ్ళు. మన తరానికి ఫోన్ ఉంది కానీ మాటలు అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు ఆటిజం ఉన్న మనిషికి "అక్కడ తాకితే ఎలా ఉంటుంది?" అని చెప్పి చూడండి. "ఎక్కడ?" అని అడుగుతారు. అది చిలిపి ప్రశ్న కాదు, నిజంగానే అడుగుతున్నారు, మీరు జవాబు చెప్పాలి.

కాబట్టి ఒక నోట్‌బుక్ కొనండి. శరీర భాగాలకి, కోరికకి, ఇబ్బందికి, వద్దనడానికి తెలుగులో ఏ మాట నోట్లో ఇమిడితే అది రాసుకుంటూ పోండి. క్లయింట్ వచ్చాక వాళ్ళ మాట వాడండి, మీది కాదు. ఒక ట్రాన్స్ అబ్బాయి (పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు) మొదటి రోజే చెప్పేశాడు, "ఛాతీ అనండి, ఇంకో మాట అంటే కాల్ కట్ చేస్తా" అని. ఇంత తేలిగ్గా అందరూ చెప్పరు, మీరే అడగాలి. "మీ శరీరంలో ఏ భాగాన్ని ఏమని పిలిస్తే మీకు బాగుంటుంది, ఏ మాట వింటే చిరాకు?" ఇది నా రెండో ప్రశ్న ఎప్పుడూ. మొదటిది ఏమని పిలవమంటారు అని.

ఈ విషయంలో తెలుగు మనకి కొంచెం సాయం చేస్తుంది. "నేను వచ్చాను" అంటే ఆడా మగా తెలియదు, హిందీలో ఆ సుఖం లేదు. "వచ్చాడా వచ్చిందా" అన్న గొడవ "వచ్చారు" తో తీరిపోతుంది, "తను" కూడా పనికొస్తుంది. కాకపోతే "గారు, వచ్చారు, కూర్చోండి" అంటుంటే కొందరికి పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఉంటుందట, అందుకని అదీ అడిగే తేల్చుకోండి.

ఇది ఏ పని, ఏది కాదు

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి, సైకియాట్రిస్టు అంటే ఎలాగూ డాక్టరే. కోచ్‌కి అలాంటిదేమీ లేదు, రేపు పొద్దున మా వీధి చివర జిరాక్స్ షాపాయన కూడా మొదలుపెట్టొచ్చు. అందుకే హద్దు మనమే గీసుకోవాలి, గీసుకున్నది క్లయింట్‌కి మొదటి రోజే కాగితం మీద ఇవ్వాలి.

నా కాగితంలో ఉన్నవి ఇవి. డయాగ్నోసిస్ చెప్పను. "నాకు ఏడీహెచ్‌డీ ఉందంటారా?" అంటే "ఎవరి దగ్గర తేల్చుకోవచ్చో చెప్తాను" అంటాను, అంతే. మందుల గురించి మాట్లాడను. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు కోరికని తగ్గిస్తాయి, భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి, ఇది తెలిసిన విషయమే, కానీ "ఆపేయండి" అనే హక్కు నాకు లేదు, "ఈ మాట మీ డాక్టర్‌తో ఇలా చెప్పండి" అని వాక్యం రాసిస్తాను. సెషన్‌లో ఎవరినీ తాకను, బట్టలు తీయడం ఉండదు, ఫోటోలు చూడను. అంతా మాటలే. వేరే దేశాల్లో ఒంటి మీద చేయి వేసి నేర్పే పద్ధతులు ఉన్నాయని మీరు చదివే ఉంటారు, ఇక్కడ దానికి పోవద్దు, మీకూ మంచిది కాదు, వాళ్ళకీ మంచిది కాదు.

1970లలో జాక్ ఆనన్ అనే అమెరికా సైకాలజిస్టు నాలుగు మెట్ల పద్ధతి ఒకటి చెప్పాడు, ప్లిసిట్ అంటారు. మొదటి మెట్టు అనుమతి, అంటే "మీకలా అనిపించడంలో తప్పు లేదు" అని నోటితో చెప్పడం. రెండోది అవసరమైనంత సమాచారం. మూడోది ఆ మనిషికి సరిపడే సలహా. నాలుగోది లోతైన చికిత్స. కోచ్‌గా మనం ఉండాల్సింది మొదటి రెండు మెట్ల మీద, మూడో దాని మీద ఒక కాలు. నాలుగోది మనది కాదు. మొదటి మెట్టుని తక్కువగా చూడకండి. ఒకాయన గంటకి డబ్బు కట్టి, నలభై నిమిషాలు ఆఫీసు కబుర్లు చెప్పి, చివర్లో ఒక్కటే అడిగారు, "గే అయ్యుండి కూడా సెక్స్ మీద ఇష్టం లేకపోవడం అనేది ఉంటుందాండీ?" ఉంటుందండీ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "అయితే ఓకే" అని కాల్ పెట్టేశారు. అదే సెషన్.

(ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు మార్చాను, ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకరిని చేశాను. మీరు రాసేటప్పుడు కూడా అలాగే చేయండి.)

రెండూ కలిపి ఎందుకు

"న్యూరోడైవర్జెంట్ వేరు, క్వీర్ వేరు కదా, ఎందుకు కలుపుతారు?" అని అడుగుతారు. మనుషులే కలిసి వస్తున్నారు కాబట్టి. 2020లో దాదాపు 6.4 లక్షల మంది డేటాతో వచ్చిన ఒక పరిశోధనలో, పుట్టినప్పుడు రాసిన జెండర్‌తో ఇమడని వాళ్ళలో ఆటిజం మిగతావాళ్ళ కంటే 3 నుంచి 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. మన దగ్గర అయితే అలాంటి మనిషికి చిన్నప్పుడు ఇంట్లో "కుదురు లేదు, తిక్క, మొండి, పరధ్యానం" అని పేర్లు పెడతారు, కాలేజీకి వచ్చాక "వాడు కొంచెం తేడా" అని ఇంకోటి తగిలిస్తారు. రెండు మూటలూ మోస్తూ, రెండూ కనిపించకుండా నటిస్తూ ముప్పయ్యేళ్ళు వచ్చేసరికి అలిసిపోయి మీ దగ్గరికి వస్తారు. నటించడం మానేసే చోటు కావాలి వాళ్ళకి. మీ దగ్గర కూడా "నార్మల్‌గా" కూర్చోవాల్సి వస్తే ఇంక ఎందుకు?

ఇంకోటి. ఆటిజం ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మనసు తెలియదు అనే మాట సగమే నిజం. డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనా ఆటిస్టిక్కే, 2012లో చెప్పిందేమిటంటే ఇబ్బంది రెండు వైపులా ఉంది, మిగతావాళ్ళకి కూడా ఆటిస్టిక్ మనిషి మనసు తెలియడం లేదు. జంటలతో పనిచేసేటప్పుడు ఇది గుర్తుంటే ఒక్కరినే రిపేరు చేయబోవడం అనే తప్పు చేయరు.

సరే, కోర్సు

మొదట నేను మోసపోయిన సంగతి. ఆన్‌లైన్‌లో శని ఆదివారాలు రెండు రోజుల క్లాసు, పదహారు వేలు, చివర్లో పీడీఎఫ్ సర్టిఫికెట్, అందులో నా పేరులో అక్షరం తప్పు. క్లయింట్‌తో ఒక్క నిమిషం కూడా ప్రాక్టీసు లేదు. డబ్బు కట్టే ముందు ఒకటే అడగండి, "నేను చేసిన సెషన్ విని తప్పులు చెప్పేవాళ్ళు ఉంటారా?" లేరంటే వదిలేయండి.

కోచింగ్ అనే విద్య నేర్చుకోవాలంటే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. వాళ్ళ మొదటి మెట్టు ఏసీసీ అనే సర్టిఫికెట్, దానికి 60 గంటల చదువు, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. వినడం, అడగడం, నోటిదాకా వచ్చిన సలహాని మింగేయడం అక్కడ బాగా నేర్పుతారు. సెక్స్ గురించి, క్వీర్ జీవితాల గురించి వాళ్ళు నేర్పరు. మీరు ఇప్పటికే కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్ళయితే ముంబయిలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ వాళ్ళ క్వీర్ అఫర్మేటివ్ కౌన్సెలింగ్ (క్వీర్‌గా ఉండటాన్ని తప్పుగా చూడకుండా చేసే కౌన్సెలింగ్) కోర్సు చూడండి, మన దేశపు కుటుంబాలని, కులాన్ని, చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేసింది. అమెరికాలో ఏఏఎస్ఈసీటీ అని 1967 నుంచి ఉన్న సంస్థ సెక్స్ థెరపిస్టులకి, ఎడ్యుకేటర్లకి సర్టిఫికెట్ ఇస్తుంది, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ళకి అది దారి, హైదరాబాద్‌లో కూర్చుని చేయాలంటే ఖర్చు, ఓపిక రెండూ కావాలి.

సిద్ధాంతం ఎక్కువ అక్కర్లేదు. ఒక్కటి మాత్రం బాగా అర్థం చేసుకోండి. సెక్స్ మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ బాన్‌క్రాఫ్ట్, ఎరిక్ యాన్సెన్ 1990లలో చెప్పినది, కోరికకి యాక్సిలరేటర్ ఒకటి, బ్రేకు ఒకటి, రెండూ వేరువేరు. మనవాళ్ళంతా యాక్సిలరేటర్ తొక్కే సలహాలే ఇస్తారు, కొత్త నైటీ, మల్లెపూలు, గోవా. మన క్లయింట్లలో చాలామందికి సమస్య బ్రేకు. ట్యూబ్‌లైట్ గుయ్యిమనే శబ్దం బ్రేకు, పక్క గదిలో అత్తగారి దగ్గు బ్రేకు, దుప్పటి గరుకుదనం బ్రేకు. బ్రేకుల జాబితా రాయించండి ముందు.

సెషన్ లోపల

కొండాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండే ఇద్దరు అమ్మాయిలు, ఒకరికి ఆటిజం. ఆమె సాయంత్రం చక్కగా అడిగింది, "ఈ రాత్రి మనం దగ్గరగా ఉందామా?" రెండో ఆమె కూరగాయలు తరుగుతూ "చూద్దాంలే" అంది. ఈమె పదకొండున్నర దాకా మేలుకుని కూర్చుంది, చూద్దామన్నారు కదా, ఎప్పుడు చూస్తామో అని. రెండో ఆమె నిద్రపోయింది. పొద్దున్నే గొడవ. "వద్దన్నాను కదా!" "ఎప్పుడన్నావ్?"

నిజమే, ఎప్పుడూ అనలేదు. తెలుగులో మొహం మీద వద్దనడం మొరటుతనం. చూద్దాంలే, సరేలే, నీ ఇష్టం, అయ్యో పర్లేదు, ఇవన్నీ వద్దు అనడానికి మనం వాడే మర్యాదలు, అలవాటైన చెవికే తెలుస్తాయి. కాబట్టి కాగితం తీయించాను. రెండో ఆమె వాడే ప్రతి మాటకీ పక్కన అర్థం రాయమన్నాను. చూద్దాంలే అంటే వద్దు. నీ ఇష్టం అంటే నాకు సగం సగంగా ఉంది, ఇంకోసారి అడుగు. ఊఁ అంటే అవును. ఏమీ అనకపోతే వద్దు. ఈ చివరిది రాయడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే మౌనం అర్ధాంగీకారం అని చిన్నప్పటినుంచి వింటూ పెరిగాం. మంచం మీద ఆ సామెత చెల్లదు. కాగితం ఫ్రిజ్ మీద అతికించుకుందామనుకున్నారు కానీ వదినగారు వస్తూ పోతూ ఉంటారట, బీరువా తలుపు లోపలివైపు అంటించారు. మూడు వారాల తర్వాత రెండో ఆమే "వద్దు, రేపు" అనడం నేర్చుకుంది. కాగితం ఆటిజం ఉన్నామె కోసం అనుకున్నాం, పనికొచ్చింది ఇద్దరికీ.

వాళ్ళకే ఇంకో చిక్కు, మెల్లగా నిమిరితే ఆటిజం ఉన్నామెకి చీమలు పాకినట్టు ఉంటుంది. రెండో ఆమెకి అదే ప్రేమ. ఇలాంటప్పుడు "అలవాటు చేసుకోండి" అనకండి, అలవాటు కాదు. అరచేయి మొత్తం ఆనించి గట్టిగా ఒత్తి పట్టుకుంటే బాగుంటుందా, బట్ట మీద నుంచి అయితేనో, బరువైన బొంత కప్పుకుంటేనో, ఒక్కొక్కటి ఇంట్లో బట్టలతోనే, ముందు చేతుల మీదే ప్రయత్నించి మార్కులు వేయమనండి, సున్నా నుంచి ఐదు. అవును, మార్కులు. ఎక్సెల్ షీట్ పెట్టిన జంట కూడా ఉంది, వాళ్ళకి అదే సరదా.

"ఏమనిపిస్తోంది?" అన్న ప్రశ్న చాలామంది మనవాళ్ళకి గోడలా ఉంటుంది, భావం ఉంటుంది కానీ పేరు దొరకదు. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో అడగండి. ఇక్కడ తెలుగు బంగారం. గుండె దడ, కడుపులో తిప్పడం, చెవులు వేడెక్కడం, గొంతు పూడుకుపోవడం, ఒళ్ళు జలదరించడం, అరికాళ్ళు చల్లబడటం. ఒక ఆరు మాటలు కార్డు మీద రాసి ఇవ్వండి, వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళ విషయంలో తరచు వచ్చే ఫిర్యాదు, "తను మర్చిపోతారు, నేను గుర్తుచేస్తే అడుక్కున్నట్టు ఉంటుంది" అని. క్యాలెండర్‌లో పెట్టుకోండి అంటే "ఛీ, ముందే టైము పెట్టుకుని చేస్తే రొమాన్స్ ఏముంటుంది" అంటారు. అయ్యా, శోభనానికి పంతులుగారు ముహూర్తం పెడితే, ఇంటినిండా చుట్టాలు పాలగ్లాసు పట్టుకుని తిరుగుతుంటే లేని సిగ్గు, మీ ఇద్దరి గూగుల్ క్యాలెండర్‌కి ఎందుకొచ్చింది? ఈ మాట అంటే నవ్వి పెట్టేసుకుంటారు. ముహూర్తం దాటిపోయినా పర్లేదు అని కూడా ముందే రాసుకోవాలి, లేకపోతే అదొక పరీక్ష అయి కూర్చుంటుంది.

నా తప్పు ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మొదటి ఏడాది ఒక జంటని రెండు నిమిషాలు కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకోమన్నాను, జంటల కోచింగ్‌లో మామూలుగా చేయించే అభ్యాసమే. ఆటిజం ఉన్న అబ్బాయికి నలభై సెకన్లకి మాట పోయింది, ఆ రోజంతా రాలేదు. అతని భాగస్వామి నాకు ఫోన్ చేసి తిట్టారు, తిట్టాల్సిందే. అప్పటినుంచి ఏ అభ్యాసం ఇచ్చినా ముందు అది రాతలో పంపుతాను, ఎలా ఆపాలో మొదటి వాక్యంలోనే ఉంటుంది. వీపులు ఆనించి కూర్చుని మాట్లాడుకోవడం చాలామందికి కళ్ళకంటే దగ్గరగా ఉంటుంది, తెలుసా.

గోప్యత అనే పెద్ద తలనొప్పి

ఉమ్మడి ఇంట్లో గది అనేది ఉండదు. నా క్లయింట్లు పార్క్ చేసిన కారులో, మేడ మీద ట్యాంకు పక్కన, ఆఫీసు మీటింగ్ రూములో కూర్చుని మాట్లాడతారు. టైపింగ్ సెషన్లు పెట్టండి, మాట పెగలని రోజుల్లో కూడా అదే దారి. మెట్ల మీద ఎవరైనా వస్తే "కరెంటు బిల్లు కట్టావా?" అంటారు, మీరు వెంటనే మామూలు కబుర్లలోకి దిగిపోవాలి. యూపీఐలో మీ పేరు ఏమని కనిపిస్తుందో చూసుకోండి, కొడుకు ఫోన్‌లో చెల్లింపుల జాబితా చూసే నాన్నలు ఉన్నారు. వ్యాపారం పేరులో సెక్స్, ఇంటిమసీ, ప్రైడ్ ఏవీ పెట్టొద్దు, నాది చూస్తే చీరల కొట్టు అనుకుంటారు.

చట్టం సంగతి కొద్దిగా. పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది, పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబర్ 17 తీర్పులో ఇవ్వలేదు, కాబట్టి అద్దె ఇల్లు, ఆస్పత్రి సంతకం, నామినీ గొడవలన్నీ మీ సెషన్లలోకి వస్తాయి, తెలిసిన లాయరు నంబరు ఉంచుకోండి. 18 నిండని వాళ్ళని తీసుకోవద్దు. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా ఫిర్యాదు చేయాల్సిందే, కోచ్‌నని తప్పించుకోలేరు, ఈ ముక్క మొదటి రోజు కాగితంలో ఉండాలి.

తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు, "మా వాడిని మీరే ఎలాగోలా మార్చాలమ్మా". మార్చడం అనేది లేదు. అలాంటి చికిత్స చేస్తే డాక్టర్లకి అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. నేను మాత్రం ఫోన్ పెట్టేయను. "ఆయన సంగతి ఆయనతో, మీకు నిద్ర పడుతోందా?" అని అడుగుతాను. ఏడ్చేస్తారు చాలామంది. వాళ్ళని వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపుతాను, జంటలైతే సరే కానీ, ఒకే ఇంట్లో పిల్లలకీ తల్లిదండ్రులకీ కలిపి నేను చేయను.

పంపడానికి మనుషులు ఉండాలి. గైనకాలజిస్టు, సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, నొప్పి సమస్యలకి పెల్విక్ ఫ్లోర్ (కటి కింది కండరాల) ఫిజియోథెరపిస్టు. ముందు మీరే వెళ్ళి కలవండి, "పెళ్ళి కాని అమ్మాయి, ఇంకో అమ్మాయితో ఉంటోంది, పరీక్షకి వస్తే మీరు మొదట ఏం అడుగుతారు?" అనండి. జవాబు వినక్కర్లేదు, మొహం చూస్తే చాలు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎవరైనా చెప్తే అది కోచింగ్ కాదు, టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, దగ్గరున్న మనిషి, ఆస్పత్రి, ఈ వరసలో వెంటనే.

డబ్బు. మొదటి రెండేళ్ళు ఉద్యోగం మానకండి. నేను గంటకి 1,200 తీసుకుంటాను, నెలకి నాలుగు సెషన్లు మాత్రం ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతకే చేస్తాను, రోజుకి మూడు మించి చేయను, నాకూ ఏడీహెచ్‌డీ ఉంది, నాలుగోదానికి నేను వినను, విన్నట్టు తలాడిస్తాను. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ, అంత దూరం వస్తే నాకూ చెప్పండి. మీ సెషన్ల గురించి మాట్లాడుకోవడానికి మీకంటే అనుభవమున్న మనిషి నెలకోసారైనా కావాలి, దానికి డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

మొదటి క్లయింట్ ఎవరి నోటి మాట మీదో వస్తారు. సెషన్‌కి రెండు రోజుల ముందు ఈ మెసేజ్ పంపండి, కావాలంటే ఇదే కాపీ చేసుకోండి:

"నమస్తే. గురువారం ఏడింటికి మాట్లాడుకుంటాం, 50 నిమిషాలు. నేను అడిగేవి నాలుగు ప్రశ్నలు: ఏమని పిలవాలి, ఏ మాటలు వాడాలి, ఏం బాగుంది, ఏం బాగాలేదు. ఏదీ చెప్పకపోయినా పర్లేదు. కెమెరా అక్కర్లేదు. టైప్ చేయొచ్చు. మధ్యలో లేచి తిరగొచ్చు. ఆపేయాలనిపిస్తే 'ఆపుదాం' అని ఒక్క మాట చాలు, కారణం అడగను. ముందే తెలుసుకోవాల్సింది ఇంకేమైనా ఉంటే అడగండి."

దీనికి నాకు వచ్చిన మొట్టమొదటి జవాబు ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. "మా పిల్లిని ఒళ్ళో పెట్టుకుని మాట్లాడొచ్చా? దాని పేరు పెసరట్టు."

పెట్టుకోండి అన్నాను.